నాలుగు రోజులు డాన్స్ చేసినా మోకాళ్లు బాగుండాలంటే: జీరో ఫెస్టివల్‌కి వెళ్లేవాళ్ల కోసం

ఆరేళ్ల క్రితం మా కాలనీ వినాయకుడి నిమజ్జనంలో నా కుడి మోకాలు దెబ్బతింది. కింద పడలేదు, ఎవరూ తొయ్యలేదు. సిమెంటు రోడ్డు మీద, కాళ్లకి పల్చటి రబ్బరు చెప్పులతో మూడు గంటలుగా తీన్మార్ ఆడుతున్నాను. వెనక నుంచి ఎవరో పిలిస్తే గిరుక్కున తిరిగాను. ఒళ్లు తిరిగింది, పాదం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. లోపల కలుక్కుమంది. మర్నాటికి మోకాలు వాచి చిప్ప ఎక్కడుందో కూడా తెలియలేదు.

ఆ తర్వాత మూడు నెలలు ఫిజియోథెరపీకి తిరిగాను. మొదటి రోజే ఫిజియోథెరపిస్ట్ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "మోకాలు తలుపు బందు లాంటిదమ్మా. ముడుచుకోవడం, చాపుకోవడం, అంతవరకే దాని పని. తిరిగే పని పైన తుంటిది, కింద పాదానిది. ఆ రెండూ తిరగకపోతే మధ్యలో మోకాలు నలిగిపోతుంది."

మూడేళ్ల తర్వాత అరుణాచల్ ప్రదేశ్‌లో జరిగే జీరో మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్లాను. నాలుగు రోజులూ వానలో, బురదలో డాన్స్ చేశాను. ఇంటికొచ్చిన రోజు లిఫ్ట్ పనిచేయకపోతే మూడంతస్తుల మెట్లు బ్యాగు మోసుకుంటూ ఎక్కాను. మోకాలు చిన్న మాట కూడా అనలేదు. అందుకోసం ముందూ, అక్కడా, వచ్చాకా ఏం చేశానో, ఏం చేయకూడదని నేర్చుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. మీరు వెళ్లేది జీరోకి కాకపోయినా, గోవాలో మూడు రోజుల పండగైనా, నవరాత్రుల్లో తొమ్మిది రాత్రుల దాండియా అయినా చాలావరకు ఇదే పనికొస్తుంది.

ముందు ఆ నేల గురించి

జీరో అరుణాచల్ ప్రదేశ్‌లో, లోయర్ సుబన్‌సిరి జిల్లాలో ఉన్న లోయ. సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైనే ఉంటుంది. ఆపతానీ తెగవారి ఊళ్లు, చుట్టూ పైన్ చెట్ల కొండలు, మధ్యలో వరి మళ్లు. ఆ మళ్లలోనే చేపలు కూడా పెంచుతారు. బాబీ హానో, అనూప్ కుట్టి కలిసి 2012లో ఈ పండగ మొదలుపెట్టారు. మామూలుగా సెప్టెంబరు చివర్లో నాలుగు రోజులు జరుగుతుంది. వెదురుతో కట్టిన వేదికలు, పగటికొకటి, రాత్రికొకటి. ఎదురుగా గడ్డినేల.

సెప్టెంబరు చివరంటే అక్కడింకా వానలు తగ్గవు. మొదటి రోజు పచ్చగా మెత్తగా ఉన్న గడ్డి, వేలమంది తొక్కాక మూడో రోజుకి దమ్ము చేసిన మడిలా తయారవుతుంది. మోకాలికి అసలు పరీక్ష అక్కడే. సిమెంటు నేల అదరగొట్టి బాధపెడితే, బురద నేల పాదాన్ని పట్టేసుకుని బాధపెడుతుంది. మెత్తటి నేలే కదా అని ధీమా పడితే పొరపాటే.

ఇంకో లెక్క చూడండి. మామూలు హుషారు పాటకి నిమిషానికి 120 దెబ్బలు (బీట్లు) పడతాయనుకుందాం. నాలుగు నిమిషాల పాటకి 480. రెండు దెబ్బలకొకసారి ఎగిరినా ఒక్క పాటలో 240 సార్లు నేల మీదికి దిగుతారు. పది పాటలకి 2,400. మామూలుగా నడుస్తున్నప్పుడే మోకాలి మీద ఒంటి బరువుకి రెండున్నర రెట్ల దాకా భారం పడుతుంది. మెట్లు దిగేటప్పుడు అది మూడు రెట్లు దాటుతుంది. ఎగిరి దిగితే ఇంకా ఎక్కువ. ఈ బరువంతా చిప్ప కింద ఉండే గుజ్జు ఒక్కటే మోయలేదు. తొడ కండ, పిరుదు కండ, పిక్క కలిసి మోయాలి. ఆ కండలు అలిసిపోయిన క్షణం నుంచి బరువు కీలు మీదికి దిగుతుంది. అందుకే మోకాళ్ల జాగ్రత్త అంటే మోకాళ్లకి ఏదో చేయడం కాదు, వాటికి పైనా కిందా ఉన్నవాటిని సిద్ధం చేయడం.

ఎనిమిది వారాల ముందు: గోడ కుర్చీతో మొదలుపెట్టండి

చిన్నప్పుడు హోంవర్క్ చేయకపోతే మాస్టారు వేయించిన గోడ కుర్చీ గుర్తుందా? తొడ కండకి అంత మంచి వ్యాయామం, ఖర్చు లేనిది, నాకు ఇంకోటి తెలియదు. వీపు గోడకి ఆనించి, పాదాలు గోడకి అడుగున్నర ముందు పెట్టి, మెల్లగా కిందికి జారండి. పూర్తి కుర్చీ దాకా దిగనక్కర్లేదు. మోకాళ్లు సగం ముడుచుకున్న చోట ఆగండి. 20 సెకన్లు ఉండి లేవండి. అయిదుసార్లు. రెండు వారాలకి 40 సెకన్లకి, నెలకి నిమిషానికి రావాలి. తొడలు మండాలి, చిప్ప మాత్రం నొప్పి పెట్టకూడదు. చిప్ప నొప్పి పెడితే కాస్త పైకి జరగండి.

రెండోది మెట్టు దిగడం. ఇంటి మెట్లలో ఒక మెట్టు మీద పక్కకి తిరిగి, ఒంటి కాలి మీద నిలబడండి. రెండో కాలి మడమ కింది మెట్టుకి తాకీ తాకనట్టు మెల్లగా దిగి, మళ్లీ పైకి రండి. దిగడానికి మూడు సెకన్లు పట్టాలి. ఎదురుగా అద్దం ఉంటే మరీ మంచిది. నిలబడిన కాలి మోకాలు లోపలికి, అంటే బొటనవేలి వైపు వాలిపోతోందా చూడండి. చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్లకి, వాలుతుంది. అది పాదం రెండో వేలికి తిన్నగా ఉండేలా ఆపుకోవాలి. నాకు ఇది పట్టుబడటానికి మూడు వారాలు పట్టింది. ఎనిమిది వారాల్లో మీరు ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. డాన్స్‌లో ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలే అలవాటే చాలా నొప్పులకి మూలం.

మిగతావి తేలిక. వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి నడుము పైకెత్తడం, 12 సార్ల చొప్పున మూడు విడతలు. గోడ పట్టుకుని ముని వేళ్ల మీద లేవడం, పిక్కల కోసం. పళ్లు తోముకుంటూ ఒంటి కాలి మీద నిలబడటం, ఒక్కో కాలికి నిమిషం. మా ఇంట్లో ఇది చూసి అందరూ మొదలుపెట్టారు.

ఇవన్నీ వారానికి మూడు రోజులు చాలు. మధ్యలో ఒక రోజు ఖాళీ ఇవ్వండి, కండ పెరిగేది ఆ ఖాళీలోనే. నాలుగో వారం నుంచి డాన్స్ కూడా కలపండి. ఇంట్లో పాటలు పెట్టుకుని 20 నిమిషాలు. ప్రతి వారం కొద్దికొద్దిగా పెంచుతూ, ఆరో వారంలో శని, ఆదివారాలు వరసగా గంటన్నర చొప్పున చేసి చూడండి. వరసగా రెండు రోజులు చేయడం ముఖ్యం. ఒక్క రోజు ఎంతసేపైనా చేసేస్తాం. ముందు రోజు అలిసిన కాళ్లతో మళ్లీ చేసినప్పుడే మన అసలు సత్తా తెలుస్తుంది. చివరి వారం మాత్రం తగ్గించండి. నడక, తేలికపాటి కదలికలు చాలు.

నొప్పికి ఒక కొలత పెట్టుకోండి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనిది. వ్యాయామంలో మూడు దాకా ఉన్నా, మర్నాడు పొద్దున్నకి మామూలైపోతే కొనసాగించవచ్చు. మూడు దాటినా, మర్నాటికి ఉండిపోయినా, వాచినా తగ్గించాలి. ఇంతకుముందు లిగమెంట్ దెబ్బ తగిలినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, కీళ్లవాతం ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌కి చూపించుకునే మొదలుపెట్టండి. నా మాట మీద మొదలుపెట్టకండి.

గమ్ బూట్లు

జీరో వెళ్లేవాళ్లకి ఎవరైనా చెప్పే మాట, గమ్ బూట్లు, అంటే పిక్కల దాకా వచ్చే రబ్బరు బూట్లు, తీసుకెళ్లమని. నిజమే, వాన పడితే వేరే దారి లేదు. కానీ అవి నడవడానికి, పొలం పనికి తయారైనవి, డాన్స్‌కి కాదు. లోపల పాదం జారుతుంది, మడమ దగ్గర పట్టు ఉండదు, అడుగున మెత్త ఉండదు. అందుకని మూడు పనులు చేయండి.

ఒకటి, లోపల వేసుకునే మెత్త, అంటే ఇన్‌సోల్, కాస్త మంచిది కొని బూటు సైజుకి కత్తిరించి పెట్టండి. రెండు, ఆ మెత్తా మందపాటి సాక్సూ వేసుకుని సైజు చూసుకోండి. పాదం లోపల అటూ ఇటూ తిరిగితే ఆ సైజు మీది కాదు. మూడు, కొనగానే పెట్టెలో పెట్టేయకండి. ఇంట్లో వాటితో కనీసం నాలుగు సార్లు డాన్స్ చేయండి. కింది ఫ్లాట్ వాళ్లకి చెప్పి మరీ చేశాను నేను.

వాన లేని రోజుకి స్పోర్ట్స్ షూస్ ఉండనే ఉంటాయి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అడుగు బాగా పట్టుకునే షూ అన్నిసార్లూ మంచిది కాదు. పరిగెత్తడానికి పట్టు కావాలి. గుండ్రంగా తిరిగే డాన్స్‌లో అదే పట్టు పాదాన్ని నేలకి అంటించేస్తుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది. నిమజ్జనం రోజు నాకు జరిగింది అదే. కాబట్టి గట్టి నేల మీద ఆడేటప్పుడు అడుగు కాస్త అరిగిన, నున్నటి షూ నయం. బురదలో గీతలున్న అడుగు కావాలి, ఆ గీతల్లో చేరిన మట్టిని మాత్రం అప్పుడప్పుడు పుల్లతో గీకేయాలి. బురద పట్టిన బూటు ఎంత బరువెక్కుతుందో ఒకసారి చేత్తో ఎత్తి చూస్తే తెలుస్తుంది. ప్రతి అడుగుకీ ఆ బరువు లేపేది మీ తొడే.

మోకాలికి వేసుకునే పట్టీ, అంటే నీ-క్యాప్ గురించి చాలామంది అడుగుతారు. వెచ్చగా ఉంచుతుంది, ధైర్యం ఇస్తుంది, కొందరికి నొప్పి తగ్గిస్తుంది. మెలిక పడకుండా ఆపలేదు. పిక్క ఉబ్బేంత, తిమ్మిరెక్కేంత బిగుతు ఉండకూడదు. పడుకునేటప్పుడు తీసేయండి.

దారిలో

మన వైపు నుంచి వెళ్లాలంటే గువాహటి దాకా విమానం, అక్కణ్ణుంచి నాహర్‌లగున్‌కి రాత్రి రైలు, ఆపైన షేర్ సుమోలో కొండ దారి. ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే బయటి రాష్ట్రాలవాళ్లు అరుణాచల్‌లోకి వెళ్లడానికి కావాల్సిన అనుమతి, ముందే తీసుకోండి. సుమోలో వెనక సీటు దొరికితే మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చోవాల్సి వస్తుంది. గంటలకొద్దీ మోకాలు ముడిచి ఉంచితే చిప్ప కింద పోటు మొదలవుతుంది. ముందు సీటుకో మధ్య సీటుకో ముందే మాట్లాడుకోండి. బండి ఆగిన ప్రతిసారీ దిగి కాళ్లు చాపండి. ఆగనప్పుడు కూర్చున్నచోటే మడమలు, వేళ్లు మార్చి మార్చి పైకెత్తుతూ ఉండండి.

వీలైతే పండగకి ఒక రోజు ముందే చేరండి. నేను చేరిన రోజు సాయంత్రం చేసిందల్లా గంటసేపు లోయలో నడక. ఆ ఎత్తుకి, చలికి ఒళ్లు అలవాటు పడటానికి ఆ గంట బాగా పనికొచ్చింది.

నిలబడే చోటు వెతుక్కోండి

పగటి వెలుగు ఉండగానే మైదానం అంతా ఒకసారి తిరిగి చూడండి. సెప్టెంబరు చివర్లో అక్కడ సాయంత్రం 5 దాటగానే చీకటి పడుతుంది. మన ఊళ్లో లెక్కతో ఆరున్నర దాకా వెలుగుంటుందనుకుంటే ఇబ్బంది పడతారు. వాలు ఎటుంది, గుంటలెక్కడ, టెంట్ల తాళ్లు ఎటు కట్టారు, బురద ఎక్కడ ఎక్కువ, ఇవి చూసుకోండి. వేదికకి సరిగ్గా ఎదురుగా అందరూ తొక్కే చోట నేల ముందు పాడవుతుంది. కాస్త పక్కకి, స్పీకర్లు దాటాక, గడ్డి ఇంకా మిగిలి ఉంటుంది. పాట అక్కడ కూడా బాగానే వినిపిస్తుంది, చేతులు చాపుకోవడానికి చోటూ ఉంటుంది.

వాలు మీద ఆడక తప్పకపోతే రెండు పాటలకొకసారి తిరిగి నిలబడండి. ఎప్పుడూ ఒకే కాలు దిగువన ఉంటే రాత్రికి ఆ మోకాలే నొప్పి పెడుతుంది. గర్బా, బతుకమ్మ ఆడేవాళ్లు ఒకే దిక్కుకి గంటలకొద్దీ తిరుగుతారు కదా, వాళ్లకీ ఇదే సమస్య. మధ్యలో బయటికొచ్చి రెండో వైపుకి పది అడుగులు వేసి వెళ్లడం మంచిది.

డాన్స్ చేసేటప్పుడు

ముందుగా ఒళ్లు వెచ్చబడాలి. ఎనిమిది నిమిషాలు చాలు. నడక, మడమలు పిరుదులకి తగిలేలా మెల్లటి జాగింగ్, తుంటిని గుండ్రంగా తిప్పడం, పది అర గుంజీలు. చల్లటి రాత్రి అయితే ఇంకో అయిదు నిమిషాలు కలపండి. మొదటి పాటని కూడా ఒళ్లు వెచ్చబెట్టుకునే పాటగానే చూడండి, ఎగరకండి.

ఎగిరితే చప్పుడు రాకుండా దిగండి. మొదట పాదం ముందు భాగం, వెంటనే మడమ, మోకాళ్లూ తుంటీ కొద్దిగా ముడుచుకుంటూ. పిల్లి గోడ మీంచి దూకినట్టు. ధబ్‌మని చప్పుడైందంటే ఆ దెబ్బ కండకి కాకుండా కీలుకి చేరినట్టే. ఎంత ఎత్తు ఎగిరారన్నది ఎవరూ చూడరు. నేల మీంచి రెండంగుళాలు లేచినా పాటలో ఉన్నట్టే ఉంటుంది.

తిరగడం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎవరైనా పిలిచినా, స్నేహితుల వైపు చూడాలన్నా, ముందు పాదాన్ని నేల మీంచి లేపి అటు పెట్టండి, ఆ తర్వాత ఒళ్లు తిప్పండి. ఒకే ఊపులో గిర్రున తిరిగే బదులు చిన్న చిన్న అడుగులు నాలుగైదు వేసి తిరగండి. ఇది డాన్స్‌కి అడ్డం కాదు. వారం రోజులు ఇంట్లో సాధన చేస్తే అదే మీ స్టైల్ అయిపోతుంది.

బురదలో ఇంకొంచెం ఉంది. మాది తణుకు దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు నాట్ల వేళ అమ్మ వెనకే మడిలోకి దిగేదాన్ని. కాలు పిక్క దాకా కూరుకుపోతే నేను ఒక్క లాగు లాగేదాన్ని. కాలు వచ్చేది కాదు, మోకాలు మాత్రం సలిపేది. అమ్మ వంగినదల్లా అలాగే వంగి ఉండి, నా వైపు చూడకుండానే, "మడమ ముందు లేపవే, వేళ్లు తర్వాత వస్తాయి" అనేది. మడమ లేపగానే కింద గాలి చొరబడి, బురద పట్టు సడలి, కాలు చులాగ్గా బయటికొచ్చేది. జీరోలో మూడో రోజు రాత్రి సరిగ్గా అలాగే నా ఎడమ బూటు దిగబడింది. చుట్టూ జనం ఎగురుతున్నారు, నా చెయ్యి పట్టుకుని ఒకమ్మాయి ముందుకి లాగుతోంది. ఆగమని చెయ్యి చూపించి, ఒంటి బరువంతా కుడి కాలి మీద వేసి, ఎడమ మోకాలు కొద్దిగా ముడిచి, మడమ లేపాను. చప్పుడుతో బూటు పైకొచ్చింది. మీరూ అంతే చేయండి. కాలు కూరుకుంటే డాన్స్ ఆపండి, పక్కకి మెలితిప్పకండి, మడమ తిన్నగా పైకి లేపండి. బూటు రాకపోతే పాదాన్ని బయటికి తీసి, తర్వాత చేతులతో బూటు లాక్కోండి.

నెమ్మది పాటలప్పుడు కాళ్లు బిగదీసి నిలబడతాం చూడండి, అది కూడా మానాలి. మోకాళ్లు కాస్త వదులుగా ఉంచి, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుస్తూ ఊగండి. మోకాళ్ల మీద కూలబడే స్టెప్పులు, గొంతుక్కూర్చుని లేచే స్టెప్పులు, స్నేహితుల్ని భుజాల మీదికి ఎక్కించుకోవడం, ఈ మూడూ అసలు వద్దు. బురద కింద రాయి ఉందో మేకు ఉందో కనిపించదు.

మూడు పాటలు కాళ్లతో ఆడితే నాలుగో పాట చేతులతో, భుజాలతో ఆడండి. గంటకొకసారి పది నిమిషాలు బయటికొచ్చి కూర్చోండి. బాసింపట్టు వేసుకుని కాదు, కాళ్లు చాపుకుని. అలిశాక ఆడే చివరి అరగంటలోనే కాళ్లు తడబడతాయి. మీకు బాగా ఇష్టమైన బ్యాండ్ ఏదో ముందే చూసుకుని, కాళ్లని దానికోసం దాచుకోండి. నాలుగు రోజుల పట్టిక చేతిలో పెట్టుకుని, ఏ కచేరీకి ఎగరాలి, ఏది కూర్చుని వినాలి అని నేను పెన్నుతో గుర్తులు పెట్టుకున్నాను. కూర్చుని విన్నవాటిలో కొన్నే నాకు ఎక్కువగా గుర్తున్నాయి.

తిండి, నీళ్లు, మందు, మాత్రలు

చల్లగా ఉంటుంది కాబట్టి దాహం తెలియదు. దాహం వేయకపోయినా ఆడుతున్నంతసేపూ మధ్యమధ్యలో కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ ఉండండి. బాగా చెమట పట్టిన రోజు ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి కలుపుకోండి. పూటపూటా అన్నంతో పాటు గుడ్డో, చేపో, పప్పో ఉండాలి. చిప్స్‌తో గడిపేస్తే మూడో రోజు కాళ్లు ఈడుస్తాయి.

అక్కడ బియ్యం బీరు, కివీ వైన్ దొరుకుతాయి. తాగే అలవాటున్నవాళ్లు రుచి చూడకుండా రారు. ఆడటం అయ్యాక తాగండి అని మాత్రం గట్టిగా చెబుతాను. మద్యం పడ్డాక ఒంటికి తూకం తప్పుతుంది, నొప్పి తెలియదు. మోకాలు ఆపమని చెప్పినా మీకు వినపడదు.

నొప్పి మాత్ర ముందే వేసుకుని డాన్స్‌కి దిగడం ఇంకా ప్రమాదం, కారణం అదే. పైగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఖాళీ కడుపున, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వేసుకుంటే కడుపుకీ కిడ్నీలకీ చేటు. మద్యం తాగిన రాత్రి ఏ నొప్పి మాత్రా మీ అంతట మీరు వేసుకోకండి.

రాత్రి టెంట్‌లో

ఆట అవగానే కుప్పకూలకుండా పది నిమిషాలు నెమ్మదిగా నడవండి. తడి సాక్సు తీసేసి, పాదాలు తుడిచి, పొడి సాక్సు వేసుకోండి. మోకాలు వేడిగా, బరువుగా ఉంటే తువ్వాలు చల్లటి నీళ్లలో తడిపి 15 నిమిషాలు చుట్టండి. అక్కడి నీళ్లకి ఐసు అక్కర్లేదు. తర్వాత బ్యాగు మీద కాళ్లు ఎత్తిపెట్టుకుని కాసేపు పడుకోండి. నిద్రలో పక్కకి తిరిగి పడుకునే అలవాటుంటే మోకాళ్ల మధ్య జాకెట్ మడత పెట్టుకోండి. నేల మీద పల్చటి దుప్పటి చాలదు, చలి కింద నుంచే ఎక్కుతుంది. నురుగు చాప ఒకటి తీసుకెళ్లండి. ఏడు గంటల నిద్ర పట్టేలా చూసుకోండి.

నిద్రపోయే ముందు ఒక పరీక్ష చేయండి. కాళ్లు చాపి కూర్చుని, రెండు మోకాళ్ల మీదా పక్క నుంచి టార్చి వెయ్యండి. బాగున్న మోకాలి చిప్పకి రెండు పక్కలా చిన్న గుంటలు, వాటిలో నీడ కనిపిస్తాయి. రెండు మోకాళ్లూ పోల్చి చూడండి. ఒకదానిలో గుంట పూడిపోయి నున్నగా కనిపిస్తే లోపల నీరు చేరుతోందని అర్థం. నొప్పి లేకపోయినా సరే, మర్నాడు ఆ కాలికి సెలవే. నాకు రెండో రాత్రి కుడి మోకాలి లోపలి గుంట కాస్త పల్చబడినట్టనిపించింది. మూడో రోజు పగటి కచేరీలన్నీ గడ్డి మీద పడుకుని విన్నాను. సాయంత్రానికి గుంట మళ్లీ కనిపించింది.

మూడో రోజు

ఒళ్లు నొప్పులు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతాయి. అంటే నాలుగు రోజుల పండగలో మూడో రోజు పొద్దున లేవడమే కష్టంగా ఉంటుంది. తొడల్లో, పిక్కల్లో రెండు వైపులా సమానంగా నొప్పి ఉంటే భయం లేదు, కదులుతుంటే తగ్గుతుంది. ఒక్క మోకాలిలోనే, ఒక్క చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి ఉంటే అది వేరు.

టీ తాగే ముందే చూసుకోండి. దేన్నైనా పట్టుకుని ఒక్కో కాలి మీద అయిదు అర గుంజీలు తీయండి. రెండు కాళ్లూ ఒకేలా చేయగలిగితే ఆ రోజు ఆడొచ్చు. ఒక కాలు వణికినా, లోపలికి వాలినా, నొప్పి మూడు దాటినా పగలు విశ్రాంతి, రాత్రి ఎగరని డాన్స్ మాత్రమే.

దెబ్బ తగిలితే

ఆపండి. ఈ పాట అయ్యాక చూద్దాం అనుకోవద్దు. ఇద్దరి సాయంతో పక్కకి వచ్చి, బూటు విప్పి, కాలు ఎత్తిపెట్టి, క్రేప్ బ్యాండేజ్ మరీ బిగించకుండా చుట్టి, చల్లటి గుడ్డ వేయండి. మొదటి రెండు రోజులు వేడి కాపడం, గట్టి మాలిష్ వద్దు. మన ఇళ్లల్లో ముందు చేసేది అవే, వాపు ఇంకా పెరిగేది వాటితోనే. ఎవరికో వచ్చని కాలు లాగించుకోవద్దు.

నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, టప్‌మని చప్పుడై గంట రెండు గంటల్లోనే బాగా వాచితే, మోకాలు ఇరుక్కుపోయి చాపడం కుదరకపోతే, నడుస్తుంటే కాలు జారిపోతున్నట్టుంటే, పాదం తిమ్మిరెక్కినా చల్లబడినా, జ్వరంతో మోకాలు ఎర్రగా కాలిపోతున్నా తెల్లారేదాకా ఆగకుండా వైద్యం అందే చోటికి వెళ్లండి. ప్రథమ చికిత్స ఎక్కడుందో మొదటి రోజే కనుక్కుని పెట్టుకుంటే ఆ టెన్షన్‌లో వెతకనక్కర్లేదు.

వచ్చాక

తిరుగు ప్రయాణంలో కాళ్లు కదుపుతూనే ఉండండి. ఒక్క పిక్క మాత్రం వాచి, పట్టుకుంటే నొప్పిగా, వేడిగా ఉంటే అది బెణుకు అని వదిలేయకండి. కూర్చుని కూర్చుని రక్తం గడ్డకట్టినా అలాగే ఉంటుంది, వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ఆయాసం, గుండెలో నొప్పి కూడా తోడైతే తిన్నగా ఎమర్జెన్సీకే వెళ్లండి.

ఇంటికి చేరాక రెండు రోజులు నడక మాత్రమే. మూడో రోజు నుంచి గోడ కుర్చీ మళ్లీ 20 సెకన్లతో మొదలుపెట్టండి. మోకాలిలో ఏ కాస్త పట్టేసినట్టున్నా రెండు వారాలకి మించి చూడకుండా ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి. గమ్ బూట్లు కడిగి, లోపల పాత న్యూస్‌పేపర్లు కుక్కి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే రబ్బరు బిరుసెక్కి పగుళ్లిస్తుంది, వచ్చే సెప్టెంబరుకి పనికిరావు.